పొద్దుగాల వంగని వేళ్లు

గోపాల్‌పేట పక్కన ఒక మెట్టపల్లెలో నాగప్ప, మాసయ్య అనే అన్నదమ్ములు ఉమ్మడిగా సేద్యం చేసుకునేవారు. తల్లి కాలం చేశాక ఇంటి పెత్తనం పెద్ద కోడలు భీమమ్మకు వచ్చింది. చిన్న కోడలు దేవమ్మ కాపురానికి వచ్చిన ఏడాది, యారాండ్లైన ఈ తోడికోడళ్ల మధ్య పొయ్యి ఎప్పుడు వేరవుతుందా అని ఊరి ఆడవాళ్లు ఎదురుచూశారు. వేరు కాలేదు. తెల్లవారకముందే ఇద్దరూ విసుర్రాయికి చెరోపక్క కూర్చుని, ఒకే పిడి పట్టుకుని జొన్నలు విసిరేవారు. దేవమ్మ మాటకారి. ఆమె చెప్పే ముచ్చట్లకు నవ్వు ఆపుకోలేక భీమమ్మ పిడి వదిలేసేది.

దేవమ్మకు ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్లిపోయి, ముసురు పట్టిన రోజుల్లో ఒక పొద్దున ఆమె విసుర్రాయి దగ్గరికి వచ్చి ఊరికే కూర్చుంది.

"అక్కా, వేళ్లు వంగుతలేవు. పిడి పట్టొస్తలేదు."

"బాలెంతవు గద, సల్లగాలి తాకింటది" అని భీమమ్మ ఒక్కతే విసిరింది.

మరునాడూ అంతే. ఆ ముసురు వెళ్లినా అంతే. రెండు చేతులకూ వేళ్ల మొదళ్ల దగ్గర కణుపులు ఉబ్బి, ముట్టుకుంటే వెచ్చగా తగిలేవి. అయితే పొద్దెక్కిన కొద్దీ వేళ్లు సాగేవి. మధ్యాహ్నానికి దేవమ్మ చేనుకు వెళ్లగలిగేది. ఒకనాడు భీమమ్మ సద్ది తీసుకుని పోయేసరికి, ఆమె కూలి ఆడవాళ్లతో కలిసి కలుపు తీస్తూ, ఏదో చెప్పి అందరినీ నవ్విస్తోంది.

భీమమ్మకు ఒళ్లు మండింది. సద్ది గంప గట్టు మీద పెట్టి అందరి ముందే అడిగింది.

"పొద్దుగాల రాని చేతులు పగటీలికి ఎట్లొచ్చినయే?"

"నాకు తెల్వదక్కా. ఎండ పడితే జర సాగుతయి."

"విసుర్రాయి కాడ వంగవు, ముచ్చట్ల కాడ వంగుతయి. గిదేం రోగమే?"

కూలి ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. దేవమ్మ తల వంచుకుని కలుపు తీసుకుంటూ ముందుకు పోయింది. ఆనాటి నుంచి భీమమ్మతో అవసరమైనంత వరకే మాట్లాడింది.

చలికాలం వచ్చేసరికి మణికట్లూ మోకాళ్లూ కూడా వాచాయి. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. అన్నం సయించక మనిషి సగమైంది. అప్పుడు భీమమ్మకు భయం పట్టుకుంది. వాయువు కమ్మిందని, పక్క ఊరి నుంచి వాతలు పెట్టే మనిషిని పిలిపించింది. కాల్చిన కడ్డీ మణికట్టుకు ఆనిస్తుంటే దేవమ్మ భుజాలు పట్టి అదిమింది భీమమ్మే. ఆ వాతలు పుండ్లై చాలా రోజులు మానలేదు. వాపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మాసయ్య ఎప్పుడూ వదిన మాటకు ఎదురు చెప్పి ఎరగడు. పెబ్బేరు సంతకు పోవాల్సిన రోజు బండి కట్టి, మొదటిసారి గట్టిగా అన్నాడు.

"వనపర్తి దవాఖాన తొవ్వలనే గద వదినా. దేవమ్మను చూపిస్త. పాపను పట్టుకోనీకి నువ్వు గూడ రావాలె."

దవాఖానలో ఉన్న డాక్టరమ్మ కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. దేవమ్మ చేతులు తన ఒళ్లో పెట్టుకుని ఒక్కో కణుపూ మెల్లగా నొక్కి చూసింది. వాతల మచ్చల దగ్గర ఆమె వేళ్లు ఒక్క క్షణం ఆగి, ముందుకు పోయాయి.

"నొప్పీ బిగువూ ఎప్పుడు ఎక్కువ? పని చేశాకా, పొద్దున లేవగానేనా?"

దేవమ్మ భీమమ్మ వైపు చూసింది.

"పొద్దుగాలనే అమ్మా. పగటీలికి జర నయమైతది" అన్నాడు మాసయ్య.

"ఈ జబ్బు గుర్తే అది" అంది డాక్టరమ్మ. "అరిగిపోయిన కీలైతే పని చేసిన కొద్దీ నొస్తుంది. ఇది కదలకుండా ఉంటే బిగుసుకుపోతుంది, కదిలిస్తే సడలుతుంది. రెండు చేతులకూ ఒక్క తీరుగా వస్తుంది. కాన్పు తర్వాత బయటపడటం చాలామందిలో చూశాను. పక్కనున్నవాళ్లకు మాత్రం సోమరితనంలా కనిపిస్తుంది."

భీమమ్మ ఒళ్లోని పాపను సర్దుకుంది. "ఎందుకొస్తదమ్మా ఇది?" అంది.

"మాకూ తెలియదు. పూర్తిగా పోగొట్టే మందూ లేదు. వేళ్లు వంకర పోకుండా కాపాడుకోవడానికి చూడొచ్చు."

అన్నం తిన్నాక వేసుకోమని మాత్రలిచ్చింది. పొద్దున వేడినీళ్లలో చేతులు ఉంచి, మెల్లగా వేళ్లు ఆడించమంది. పలచటి చెక్కలకు దూది చుట్టి, పడుకున్నప్పుడూ ఊరికే ఉన్నప్పుడూ వాటితో చేతులు ఎలా కట్టాలో భీమమ్మకే నేర్పింది. నెలకోసారి తీసుకురమ్మంది.

"వాపు ఉన్నన్నాళ్లు విసుర్రాయి ముట్టనివ్వకండి. బరువు పడితే వేళ్లు పక్కకు ఒరుగుతాయి. ఒరిగినవి మళ్లీ రావు."

భీమమ్మ ఆ మాటలు తు.చ. తప్పకుండా పాటించింది. కోడి కూయగానే లేచి నీళ్లు కాచేది. చెక్కలు తనే కట్టేది, తనే విప్పేది. చేనులో అన్న మాటకు తప్పయిందని మాత్రం అనలేకపోయింది. దేవమ్మ వాపు తగ్గింది, ముఖం తేటపడింది. మళ్లీ అక్కడక్కడా ఒక ముచ్చట చెప్పడం మొదలుపెట్టింది.

అప్పుడే భీమమ్మ కూతురు రుక్కమ్మకు పెబ్బేరు వైపు నుంచి సంబంధం వచ్చింది. మంచి భూమి గల ఇల్లు. పిల్లను చూడటానికి వస్తున్నారనగానే భీమమ్మ కళ్లు దేవమ్మ చేతుల మీద పడ్డాయి. కట్టు కట్టిన చేతులు, పైన కాలిన మచ్చలు. పెద్దరోగం ఉన్న ఇల్లని పేరు పడి, పక్క ఊళ్లో ఒక ఇంటి పిల్లలకు సంబంధాలే రాకుండా పోయాయి.

"దేవమ్మా, నాల్గు దినాలు ఈ చెక్కలు ఇప్పుదమే. చూసినోళ్లు కుష్టు అనుకుంటరు" అంది.

దేవమ్మ కొంచెంసేపు చేతులు చూసుకుంది. "రుక్కి నాకు గూడ బిడ్డే గదక్కా. ఇప్పు" అని చేతులు చాపింది.

చెక్కలు అటక మీదికి పోయాయి. ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నారని కనిపించడానికి, వచ్చినవాళ్ల కళ్లెదుటే భీమమ్మ ఆమెను విసుర్రాయి దగ్గర కూర్చోబెట్టింది. సంబంధం కుదిరింది. తర్వాత ఇచ్చిపుచ్చుకోవడాలకు వాళ్లు వస్తూ పోతూనే ఉన్నారు. ఆ వెనక పెళ్లి పనులు, పెళ్లి పిండ్లు. మాత్రలు అయిపోయాయి. వనపర్తికి పోదామని మాసయ్య అడిగినప్పుడల్లా, "లగ్గం కానీ" అంది భీమమ్మ. దేవమ్మ పళ్లు బిగబట్టి విసిరింది.

రుక్కమ్మను అత్తగారింటికి పంపి వచ్చాక, ఒక పొద్దున దేవమ్మ చెంబు ఎత్తబోతే చేయి జారి పడింది. భీమమ్మ ఆ చేయి పట్టుకుని వెలుతురులో చూసింది. నాలుగు వేళ్లూ చిటికెనవేలి వైపు ఒరిగిపోయి ఉన్నాయి. రెండో చేయీ అంతే.

ఆ రోజే బండి కట్టించింది. డాక్టరమ్మ చూసి, మళ్లీ మాత్రలిచ్చింది, నొప్పి తగ్గుతుందని చెప్పింది. వేళ్ల గురించి భీమమ్మే అడిగింది.

"చెక్కలు నేనే ఇప్పినమ్మా. విసుర్రాయి కాడ గూసోబెట్టింది గూడ నేనే. గందుకేనా గిట్లయింది?"

డాక్టరమ్మ దేవమ్మ చేతులు తన ఒళ్లోంచి మెల్లగా దించింది. "కచ్చితంగా చెప్పలేనమ్మా. కొందరికి ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒరుగుతాయి. కానీ చెక్కలు ఉంటే ఇంత తొందరగా ఒరిగేవి కావేమో."

ఆ 'కావేమో' భీమమ్మను పట్టుకుని వదల్లేదు. అవునని చెబితే ఏడ్చేది. కాదని చెబితే ఊపిరి పీల్చుకునేది. పొయ్యి దగ్గరా, చేనులోనూ అదే మాట తిరిగి తిరిగి గుర్తుకొచ్చేది.

శ్రావణంలో రుక్కమ్మను తీసుకుని వియ్యపురాలు పార్వతమ్మ వచ్చింది. దాచడానికి భీమమ్మకు ఓపిక లేకపోయింది. దేవమ్మ వంకర వేళ్లతోనే మంచినీళ్లు తెచ్చిచ్చింది. పార్వతమ్మ చెంబు పక్కన పెట్టి ఆ చేతులు పట్టుకుంది.

"అయ్యో, మా చిన్నత్తకు గూడ గిట్లనే ఉండె. పాపం, ఎంత నొస్తుందో." భీమమ్మ వైపు తిరిగి అడిగింది, "ఎప్పటి సంది వదినా?"

"లగ్గానికి ముందు సంది" అంది భీమమ్మ.

"మరి ఒక్క మాటన్న చెప్పకపోతిరి. లగ్గంల ఆమెను పని చెప్పకుండ కూసోబెడుతుంటిమి గద!"

భీమమ్మ లేచి పెరట్లోకి పోయింది. దేవమ్మ కాసేపటికి వెతుక్కుంటూ వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చున్న భీమమ్మ తలెత్తకుండానే అంది.

"చేన్ల అందరి ముందట నిన్ను అట్ల అనకపోవాల్సింది. వాతలు పెట్టించకపోవాల్సింది. చెక్కలు ఇప్పకపోవాల్సింది. నా మీద కోపమున్నదా దేవమ్మా?"

దేవమ్మ పక్కన చతికిలబడింది. "చేన్ల మాటకున్నది. నిజం జెప్తుంటే అబద్ధమంటివి. చెక్కలంటవా, అవి నేను గూడ ఇప్పమంటి."

భీమమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"దువ్వెన పట్టొస్తలేదక్కా" అని దేవమ్మ అటు తిరిగి కూర్చుంది. "మూడు దినాలాయె. జర తల దువ్వు."

భీమమ్మ ఆమె ముడి విప్పి, చిక్కులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది.