ఇరవై బదులు తొంభై

ఆస్పత్రి డేటాబేస్ ఒకేసారి వంద కనెక్షన్లకు మించి ఇవ్వదు; ఎవరి స్క్రీన్ తెరుచుకోవాలన్నా వాటిలో ఒకటి ఖాళీగా దొరకాలి. ల్యాబు రిపోర్టులను వార్డులకు చేరవేసే మా ప్రోగ్రాముకు వాటిలో ఇరవై చాలని లెక్కగట్టి పెట్టింది నేనే. ఉదయం మేనేజరు నా కుర్చీ వెనక నిలబడి, "రిపోర్టులు నత్తనడక నడుస్తున్నాయయ్యా, తొంభై చెయ్" అన్నాడు. తొంభై మనమే మింగితే ఆస్పత్రంతా మిగిలిన పదితో ఎలా సర్దుకుంటుందని అడగాల్సింది. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని మార్చేశాను.

పావుగంటకు చెల్లెలు ఫోన్ చేసింది. అదే ఆస్పత్రిలో నర్సు.

"అన్నయ్యా, స్క్రీన్ తెరుచుకోవట్లేదు. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను, దాంతో లాక్ అయినట్టుంది. పేషెంటుకి ఏ మందు పడదో అందులోనే ఉంది. డాక్టరుగారు ఇంజెక్షన్ పట్టుకుని నిలబడ్డారు."

పాస్‌వర్డూ కాదు, పాడూ కాదు. ఆస్పత్రికి మిగిల్చిన ఆ పది కనెక్షన్లూ నిండిపోయాయి. తొంభై చెరిపి ఇరవై పెట్టాను. ప్రోగ్రాము ఆగి మళ్లీ లేవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అంతసేపూ ఫోన్లో చెల్లెల్ని తిడుతున్న హెడ్ నర్సు గొంతు వినిపిస్తూనే ఉంది: "బుర్ర ఇంట్లో పెట్టి వస్తావా?"

"వచ్చింది అన్నయ్యా! నువ్వు లేకపోతే నా పని అయిపోయేది" అంది చెల్లెలు. తర్వాత గొంతు తగ్గించింది. "తప్పు నాదేనని రాసివ్వమంటున్నారు. పాస్‌వర్డ్ వల్లే కదా?"

మేనేజరు మళ్లీ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఊఁ" అన్నాను చెల్లెలితో.