చుక్క దగ్గర ఆగిన కుట్టు

బారసాల ఎల్లుండి. ఉయ్యాలలో పరిచే బొంత ఇంకా పూర్తి కాలేదు. ఆఖరి గడిలో మూడు ముక్కలు ఒకచోట కలవాలి. కలిపిన ప్రతిసారీ నడిమధ్యన బుడిపె లేచి కూర్చుంటోంది.

"పసిదాని వీపుకి ఇది తగిలితే? గుక్కపట్టి ఏడుస్తుంది. ఎందుకో మనకి తెలీదు. డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి," అంది కన్యక.

"అక్కణ్ణించి కాకినాడ పెద్దాసుపత్రికి కూడా తీసుకుపోయావా, ఇంకా లేదా?" అన్నాడు భర్త గున్నేశ్వరరావు, కొట్టుకి బయల్దేరుతూ.

ఆ వేళాకోళం ఆమె చెవికెక్కలేదు. మూడో ముక్క ఆమె తల్లి కట్టిన ఆకుపచ్చ నేతచీరలోది. చిరుగు లేకుండా మిగిలింది అదొక్కటే. కుట్టీ విప్పీ అంచున పోగులు లేచిపోయాయి. ఈసారీ తప్పితే ఆ గుడ్డ ఇక కుట్టుకి నిలవదు. అమ్మ చీర లేకుండానే మునిమనవరాలు ఉయ్యాలెక్కాలి.

కూతురు ఇంద్రజ పాపని భుజాన వేసుకుని వచ్చి, జతచేసిన మొదటి రెండు ముక్కల్నీ తిరగేసి చూసింది.

"అమ్మా, కుట్టు ఆపమని నేను సుద్దతో చుక్క పెట్టింది ఇక్కడ కదా. కుట్టు దాన్ని దాటి అంచుదాకా పోయిందేంటి?"

"అంచుదాకా కుట్టకపోతే ఊడిపోదూ? నీ లంగాలకి రెండేసి వరసలు వేసేదాన్ని. ఒక్కటైనా ఊడిందా?"

"లంగా వేరే! ఇక్కడ చుక్క దగ్గరే ఆగాలి. దాటితే మూడో ముక్క తిరగడానికి చోటేదీ? ఆ కాస్తా వదిలెయ్."

"వదిలెయ్యడమే! కన్నం పడితే?"

"మూడో ముక్క వచ్చి మూస్తుందిలే," అని పాపని పడుకోబెట్టడానికి లోపలికి వెళ్ళింది ఇంద్రజ.

కన్యక చుక్క దాటిన కుట్లు విప్పి, చుక్క దగ్గర వెనక్కొక కుట్టు వేసి బిగించింది. ఆకుపచ్చ ముక్క మీది చుక్కని ఈ చుక్క మీద పెట్టి గుండుసూది గుచ్చి, మిషన్ తొక్కసాగింది. కుట్టు చుక్కని సమీపిస్తుండగా లోపల పాప కెవ్వుమంది. కన్యక సగం లేచింది.

"మిషన్ వదలకు! నేనున్నాగా!" అని కేకేసింది ఇంద్రజ.

కన్యక కూర్చుంది. గుండుసూది తీసేసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పింది. మిషన్ సూది సరిగ్గా చుక్కలో దిగింది. ఇంకొక్క కుట్టు వెయ్యమని వేళ్ళు లాగేశాయి. పళ్ళు బిగబట్టి దారం తెంపేసింది. రెండో పక్కా అలాగే చుక్క దగ్గర ఆపింది.

ఇస్త్రీ చేసి, కళ్ళు మూసుకుని అరచేత్తో నిమిరింది. వెతికింది. మళ్ళీ వెతికింది.

"ఇందూ! బుడిపె చచ్చిందే!"

ఆ అరుపుకి అప్పుడే కన్నంటుకున్న పాప మళ్ళీ లేచింది.

బారసాలనాడు కన్యక ఉయ్యాల కొక్కేన్ని మాటిమాటికీ లాగి చూసింది. బొంతని మాత్రం ఒక్కసారీ తడమలేదు. వియ్యపురాలు సీతారామలక్ష్మి ఆకుపచ్చ ముక్క చుట్టూ వేలితో రాసి చూసి, "వదినగారూ, మూడూ కలిసిన చోట కూడా చేతికేం తగలడం లేదేంటండీ?" అంది.

"తగలదండి," అంది కన్యక, పాపని దానిమీద పడుకోబెడుతూ.