చిన్న కబుర్లు రాని ఇల్లు

మధ్యాహ్నం నమాజు అయ్యాక అమ్మాన్‌లో జోఫె కొండ మెట్లవీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరుగా రుబా తల్లి ఉమ్ రుబా ఇంటికి వస్తారు. ఒకరి చేతిలో పప్పుచారు, ఒకరి చేతిలో బియ్యం కూరి వండిన కూసా కాయలు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, తలమీది గుడ్డ సవరించుకుని, ముఖం దించుకుని లోపలికి వస్తారు. చక్కెర వేయని కాఫీ తాగుతారు. "అల్లా నీకు ఓర్పునివ్వాలి" అంటుంది ఒకావిడ. "ఆయనకి స్వర్గం దొరకాలి" అంటుంది ఇంకొకావిడ. కాసేపు తస్బీహ్ పూసలు తిప్పి లేచి వెళ్ళిపోతారు.

చూసినవాళ్ళెవరైనా ఇరుగుపొరుగంటే ఇలా ఉండాలి అనుకుంటారు. నిజంగానే వాళ్ళు మంచివాళ్ళు. భర్త పోయిన మనిషి పొయ్యి వెలిగించుకునే అవసరం లేకుండా చూసుకుంటున్నారు. పైవాటాలో ఉండే హియామ్ ఆయన పోయిన రోజునుంచీ టీవీ గొంతు తగ్గించేసింది. పిల్లల్ని ఆ గుమ్మం ముందు బంతి ఆడనివ్వడం లేదు. ఇంత చేస్తున్నా ఆ ఇంట్లో మనిషి రోజురోజుకీ చిక్కిపోతోంది. పాఠకులారా, చెడ్డవాళ్ళు చేసే తప్పు తొందరగానే కంటపడుతుంది. మంచితనంతో చేసే తప్పు కంటపడదు. ఈ కథ చెప్పడం అందుకే.

ఆమె భర్త అబూ రుబా సర్వీసు టాక్సీ, అంటే తలకింత చార్జీతో నలుగురినీ ఎక్కించుకునే కారు, నడిపేవాడు. కొండ మీదినుంచి బజారుకి, బజారునుంచి కొండ మీదికి, బతుకంతా ఒకటే దారి. అయినా సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కునే లోపే మొదలుపెట్టేవాడు. ఒకాయన పెద్ద పుచ్చకాయని పక్క సీట్లో కూర్చోబెట్టి దానిక్కూడా చార్జీ ఇచ్చాడట. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే పిల్లని తమ తమ కొడుకులకి చూడబోతున్నారని దారి మధ్యలో బయటపడిందట, దిగేదాకా మళ్ళీ మాట్లాడుకోలేదట. ద్రాక్షాకుల్లో బియ్యం చుడుతూ ఆమె వినేది. "నువ్వేమన్నావు?" అని అడిగేది. "నేనేమంటాను, అద్దంలో చూస్తూ బండి నడిపాను" అనేవాడు. వాటిలో ఒక్కటీ మర్నాటికి గుర్తుంచుకోవలసిన సంగతి కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆయన పోయాక మొదటి వారమంతా ఏడ్చింది. తర్వాత ఏడుపు తగ్గింది. దాని స్థానంలో వచ్చినదానికి ఆమెకి పేరు తెలియదు. ఇద్దత్, అంటే భర్త పోయాక పాటించే నాలుగు నెలల పది రోజుల గడువు, పూర్తయ్యేదాకా గడప దాటకూడదు. కాబట్టి వీధి తనంతట తాను లోపలికి రావాలి. కానీ రావడం లేదు. మెట్లెక్కుతూ ఆడవాళ్ళు నవ్వుకోవడం వినిపిస్తుంది. ఎవరో ఎవర్నో వెక్కిరిస్తారు. ఆ నవ్వు దగ్గరవుతూ, దగ్గరవుతూ, సరిగ్గా ఆమె తలుపు ముందు ఆగిపోతుంది. నాలుగు మెట్లు పైకి వెళ్ళాక మళ్ళీ మొదలవుతుంది.

కూతురు రుబా ప్రతి శుక్రవారం పక్క ఊరు జర్కానుంచి వచ్చేది.

"పిల్లలేం చేస్తున్నారే?" అని అడిగేది తల్లి.

"బాగున్నారమ్మా. అవన్నీ నీకెందుకు ఇప్పుడు? నువ్వు తిను."

డాక్టరు చూసి ఒంట్లో ఏమీ లేదన్నాడు. నిజానికి ఆమెకి కావలసింది ఒక్కటే. ఎవరైనా వచ్చి, ఇవాళ ఏం జరిగిందో చెప్పాలి. ఎంత చిన్నదైనా సరే. కానీ ఎలా అడుగుతుంది? మొగుణ్ణి మట్టిలో పెట్టి ఇంకా ఎన్నాళ్ళయిందని, దీనికి అప్పుడే వీధి కబుర్లు కావలసి వచ్చాయి అంటారు. ఆ సిగ్గుతో నోరు మూసుకుంది. మూసుకోగా మూసుకోగా, ఒక పొద్దున తనతో తాను ఏదో పైకి అనుకోబోతే మాట వెంటనే రాలేదు. మాట తయారుకావడానికి ఇంతసేపు పడుతోందేమిటా అని భయం వేసింది. ఇలాగే మెల్లగా మనిషి ఆరిపోతుంది కాబోలు అనుకుంది. అలా అనుకున్నందుకు బాధ కూడా కలగలేదు.

ఆ రోజు సాయంత్రమే హియామ్ ములూఖియా ఆకుకూర గిన్నెతో వచ్చింది. ముఖం దించుకునే వచ్చింది. "అల్లా నీకు ఓర్పునివ్వాలి, ఖాల్తీ" అంది, పిన్నిని పిలిచినట్టు. అని కూర్చుంది గానీ పెదవులు బిగబట్టుకుని, మోకాళ్ళ వైపే చూస్తోంది. ఆమె ఒంటిమీద నమాజు గౌను తిరగేసి ఉంది. కుట్లన్నీ బయటికి కనిపిస్తున్నాయి.

"గౌను తిరగేసుకున్నావేమిటే?" అంది ఉమ్ రుబా.

హియామ్ చూసుకుని నాలిక కరుచుకుంది. "తొందరలో ఖాల్తీ. ఏం లేదులే."

"ఎందుకు తొందర?"

"గ్యాస్ బండి వచ్చింది. వదిలెయ్యి, చెప్పుకునేంత సంగతి కాదు."

"చెప్పు."

ఆ గొంతులో ఉన్నది ఆజ్ఞా, బతిమాలడమా తెలియక హియామ్ ఆమె ముఖంలోకి చూసింది. చాలారోజుల తర్వాత నేరుగా చూడడం అదే. చూశాక చెప్పకుండా ఉండలేకపోయింది.

"గ్యాస్ బండి పాట వినబడితే చేతికందింది తొడుక్కుని, ఖాళీ సిలిండరు గుమ్మం బయట పెట్టాను. నిలబెట్టాలి కదా, పడుకోబెట్టాను. అది మెట్లమీద దొర్లడం మొదలుపెట్టింది ఖాల్తీ. ఢాం, ఢాం, ఢాం. నేను వెనకాల. అబూ మిఖ్దాద్ లేడూ, బూట్లు కుట్టే ఆయన, మోకాళ్ళ నొప్పులని ఏడాదిగా మంచం దిగడం లేదు, పెళ్ళాం చేత అన్నీ మంచం దగ్గరికే తెప్పించుకుంటున్నాడు. ఇవాళే మెట్లమీద ఎండలో కూర్చోబెట్టిందట. సిలిండరు రావడం చూసి ఎగిరి గోడెక్కాడు."

"గోడా?"

"గోడే. మేకలాగ. పైన నిలబడి నన్ను తిడుతున్నాడు. కింద ఆయన పెళ్ళాం నడుం మీద చేతులు పెట్టుకుని, 'దిగు, దిగు, బజారుకెళ్ళి రొట్టెలు పట్టుకురా' అంటోంది."

ఉమ్ రుబా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని హియామ్ హడలిపోయింది. చెయ్యి తీశాక తెలిసింది, నవ్వుతోంది. నవ్వు చప్పుడు బొంగురుగా, వాడకుండా మూలన పడేసిన తలుపు తీసినట్టు వచ్చింది. దానికి హియామ్‌కి కూడా నవ్వొచ్చింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఉమ్ జరీర్ వచ్చింది. వీధిలో పెద్దావిడ, హజ్‌కి వెళ్ళొచ్చిన మనిషి. పెళ్ళయినా చావయినా ఏది ఎలా జరగాలో ఆవిడ చెబితేనే జరుగుతుంది.

"సిగ్గు లేదుటే పిల్లా?" అంది హియామ్‌ని చూసి. "ఏ ఇంట్లో కూర్చున్నావో తెలుసా? మట్టి ఇంకా ఆరలేదు. ఇకిలింపులు కావాలంటే నీ ఇంట్లో ఇకిలించు."

హియామ్ లేచి గిన్నె తీసుకుంది.

"కూర్చో హియామ్" అంది ఉమ్ రుబా. తర్వాత పెద్దావిడ వైపు తిరిగింది. "దాన్ని ఏమీ అనకు హజ్జా. అడిగింది నేను. మీరందరూ రోజూ నాకు ఓర్పు తెచ్చి ఇస్తున్నారు. నా దగ్గర చాలా పోగయింది, ఇంక పెట్టుకోవడానికి చోటు లేదు. ఆయన నాకు బంగారం పెట్టలేదు. సాయంత్రమయ్యేసరికి ఆ దారంతా తెచ్చి నా ముందు పోసేవాడు. ఆయన పోయాడు. మీరేమో దారి కూడా మూసేశారు. నేను ఆయన్ని మరిచిపోయి నవ్వలేదు హజ్జా. ఈ కథ ఆయనైతే ఎలా చెప్పేవాడో అనుకుంటూ నవ్వాను."

ఉమ్ జరీర్ నిలబడే ఉంది. హియామ్ తిట్లకి సిద్ధపడి తల దించుకుంది.

ఉమ్ జరీర్ మెల్లగా దిండు మీద కూలబడింది. తస్బీహ్ ఒళ్ళో పెట్టుకుంది.

"మా ఆయన పోయినప్పుడు నన్నూ ఇలాగే చూసుకున్నారు" అంది. "నన్ను చూడగానే అందరూ మాట మార్చేవాళ్ళు. ఇద్దత్ అయిపోయింది. నల్లబట్టలు తీసేశాను. అయినా నేను వస్తే చాలు, చెప్పుకుంటున్నవి ఆపేవాళ్ళు. గౌరవం అనుకున్నాను. అందుకే గంభీరంగా ఉండడం నేర్చుకున్నాను. నాకు ఎవరైనా నవ్వొచ్చే మాట చెప్పి ఎన్నాళ్ళయిందో తెలుసా? నాకే తెలియదు."

హియామ్ ఆమెకి కాఫీ పోసి ఇచ్చింది. ఆవిడ తాగలేదు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియని మనిషిలా గొంతు సవరించుకుంది.

"పొద్దున కూరగాయలవాడు నన్ను చూడగానే టమాటాల మీద గోనెపట్టా కప్పేశాడు."

"ఎందుకూ?" అంది ఉమ్ రుబా, ముందుకి వంగి.

"ప్రతిదీ నొక్కి చూస్తానుట."

"చూస్తావు హజ్జా" అంది హియామ్. "నిన్న నువ్వు నొక్కినవే మా ఇంటికొచ్చాయి. నేరుగా పులుసులో వేశాను."

"నోర్ముయ్యవే" అంది ఉమ్ జరీర్. అంటూనే ఆవిడ పెదవి ఒకవైపు వంగింది. కప్పు కింద పెట్టి, కాళ్ళు చాపుకుని, వాడు ఇంకా ఏమన్నాడో చెప్పసాగింది.

దుఃఖంలో ఉన్న ఇంటికి అన్నం పట్టుకెళ్ళడం మనందరికీ తెలుసు. దానితోపాటు ఆ రోజు జరిగిన చిన్న సంగతి ఒకటి కూడా పట్టుకెళ్ళాలి. పోయినవారికి మన ప్రార్థన చాలు, మిగిలినవారికి మన మామూలు రోజులో వాటా కావాలి.