బుద్ధిగల గుర్రం

సోమందేపల్లెలో పెళ్ళి ఊరేగింపులకు కుళ్ళాయప్ప గుర్రాన్నే పిలిచేవారు. వానల్లేని కిందటి రెండేళ్ళూ అది ఎండిన వేరుశనగ కట్టె మాత్రమే తిని, చెవి పక్కనే బ్యాండు మోగినా కదలకుండా నిలబడేది. "పసిబిడ్డనైనా ఎక్కించండప్పా, బుద్ధిగల గుర్రం" అని అతను గొప్పగా చెప్పుకునేవాడు.

ఈ ఏడు ఉలవలు బాగా పండాయి. కుళ్ళాయప్ప ప్రేమకొద్దీ రోజూ రెండు శేర్లు ఉడకబెట్టి గుర్రానికి పెట్టాడు. నెల తిరక్కముందే అది కాళ్ళు ఎగరేయడం మొదలుపెట్టింది. నిన్నటి ఊరేగింపులో పెళ్ళికొడుకును వీధిలోనే కింద పడేసింది.

దిష్టి తగిలిందని కుళ్ళాయప్ప పొద్దున్నే ఎండుమిరపకాయలు తెచ్చి గుర్రం చుట్టూ తిప్పబోయాడు. భార్య నల్లమ్మ వాటిని లాక్కుని కూరలోకి పక్కన పెట్టింది.

"దిష్టీ లేదు, గాలీ లేదు. ఉలవలు సగం చేసి, దినామూ చెరువు బయల్లో పరిగెత్తించు."

"ముందు ఎంత నెమ్మదిగా ఉన్నింది! దాని గుణమే మారిపాయ గదా?"

నల్లమ్మ గుర్రం పక్కలు నిమిరింది. చేతికి ఎముకలు తగలలేదు.

"గుణం యాడా మారలేదు. ఆ రెండేండ్లూ అది కడుపు మాడి నిలబడుంటే, మనం బుద్ధి అనుకుంటిమి."