పచ్చలైటు వెలిగాక

ఆ ఆసుపత్రిలో ప్రతి మంచానికీ ఒక బటన్ ఉండేది. రోగి నొక్కితే ఆ పిలుపు నెట్‌వర్క్ మీద సర్వర్‌కి చేరేది. కనెక్షన్ కుదరగానే బటన్ మీద పచ్చలైటు వెలిగేది, నర్సుల బల్ల దగ్గర గంట మోగేది. ఆ ప్రోగ్రాం రాసింది మేనేజరు మరదలు. ఆమెకు ఆ ఉద్యోగం ఇప్పించింది ఆయనే.

నర్సుల్ని సగానికి సగం తీసేశాక గంట ఆగకుండా మోగసాగింది. మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు.

"ఆ గంట నోరు మూయించు."

"సర్వర్ ఆపేస్తే లైటు వెలగదు బావా. వెలగకపోతే రోగులు కేకలు పెడతారు."

"లైటు వెలగాలి, గంట మోగకూడదు. కుదురుతుందా లేదా?"

కుదురుతుందని తెలియడమే ఆమె ఖర్మ.

"వచ్చిన కనెక్షన్‌ని గుమ్మంలో కూర్చోబెట్టేది ఆపరేటింగ్ సిస్టం. అంతవరకైతే చాలు, అవతల లైటు వెలుగుతుంది. లోపలికి రమ్మనాల్సింది నా ప్రోగ్రాం. దాన్నే యాక్సెప్ట్ అంటాం. అది రమ్మనకపోతే అందరూ వరసలో కూర్చునే ఉంటారు."

"కూర్చోనీ. కూర్చున్నవాడు అరవడు."

"ఎవరికైనా ప్రాణం మీదకొస్తే?"

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే ఏడుపులా? అచ్చం మీ అక్కలాగే!"

ఆమె తలొంచింది. రద్దీ వేళల్లో యాక్సెప్ట్ ఆగిపోయేలా ఒక స్విచ్ పెట్టింది. ఎంతమంది పిలిచినా పట్టేలా వరసను పొడిగించింది. వార్డు నిశ్శబ్దమైంది. బావ భుజం తట్టాడు.

ఒక మధ్యాహ్నం, తొడకు ఆపరేషన్ అయిన దర్జీకి కుట్లు ఊడిపోయాయి. దుప్పటి కింద తడి తగిలి బటన్ నొక్కాడు. పచ్చలైటు వెలిగింది. పక్క మంచం మీద కాలికి కట్టుతో ఉన్న లారీ డ్రైవరు అడిగాడు.

"కేకెయ్యనా అన్నా?"

"వద్దులే తమ్ముడూ, లైటు వెలిగిందిగా. వస్తారు. పాపం, వాళ్లకి మాత్రం ఎన్ని చేతులు?"

డ్రైవరుకి కునుకు పట్టింది. రద్దీ తగ్గి స్విచ్ మారగానే, వరసలో ఉన్న పిలుపులన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చి గంట గొల్లుమంది. దర్జీ మంచం నంబరు చూసి నర్సు పరుగెత్తింది. అప్పటికే ఒళ్లు చల్లబడింది.

"చూశావా, ఒక్క పిలుపూ పోలేదు. గట్టిగానే రాశావు" అన్నాడు బావ.

దర్జీ భార్య వచ్చి నిలదీసినప్పుడు మాత్రం, "ప్రోగ్రాంలో తప్పమ్మా. రాసింది ఈ పిల్లే" అని నలుగురిలో వేలు చూపించాడు.

"ఆపమన్నది నువ్వే కదా బావా!"

"యాక్సెప్టో గీక్సెప్టో, నాకేం తెలుసు?"

ఆ పూటే ఆమె ఉద్యోగం పోయింది. అక్క దగ్గరికి వెళ్తే అక్క గుమ్మంలోనే ఆపేసింది.

"నీకు ఇంకో ఉద్యోగం దొరుకుతుందే. నాకు ఇంకో మొగుడు దొరకడు. నోరు మూసుకో."

ఆమె మూసుకోలేదు. దర్జీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, అతని భార్యకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ ఏడవకుండా విన్నది.

"డ్రైవరు తమ్ముడు చెప్పాడు. లైటు చూసి ఈయన నిశ్చింతగా పడుకున్నాడట. అది వెలగకపోయుంటే అరిచేవాడు. మా ఆయన గొంతు నాలుగు వీధులకి వినపడేది."

"బావ చెయ్యమంటేనే నేను..."

"మీ బావకి చేతకాదుగా. చేతనైంది నీకు."

ఆమె మెట్లు దిగుతుండగా లోపల కుట్టుమిషను చప్పుడు మొదలైంది. మొగుడు సగంలో వదిలిన బట్టలు ఎవరో ఒకరు కుట్టివ్వాలిగా.