వాగువైపు నడిచిన ఇల్లు

మంచు కరగ్గానే, ఊళ్ళో కంకర తోలే ఎమ్మెట్ ట్రక్కు నిండా కంకర తెచ్చి, వైల్డా గుమ్మం దాకా బాట కొత్తగా పరిచాడు. ఏటా ఉండే పనే. చలికాలంలో ఇల్లు మళ్ళీ కాస్త వాగువైపు జరిగింది.

"నీ ఇంటికి కాళ్ళాగవు వైల్డా!"

"నీ నోరు ఆగుతుందా? పని చూడు, ముసలోడా."

పెన్సిల్వేనియా కొండల్లో పందొమ్మిది వందల యాభైల్లో కట్టిన ఇల్లది. ప్లాను గీసింది వైల్డా. కుండలు చేసే మనిషి కాబట్టి వాగు ఒడ్డునే గీసుకుంది. ఆమె భర్త క్లిఫ్టన్ చిత్రకారుడు. తనకి కొండమీది వెలుతురు కావాలన్నాడు. చివరికి ఇల్లు కొండమీదే కట్టారు. "మీరే గీశారా?" అని పత్రికలవాళ్ళు అడిగితే అతను కాదనలేదు. వైల్డా కాఫీ పోస్తూ వింది. ఇల్లు కదలడం ఆ చలికాలమే మొదలైంది.

క్లిఫ్టన్ పోయిన కొన్నేళ్ళకి, పాత కట్టడాలను కాపాడే సంఘం నుంచి లెనోరా వచ్చింది.

"క్లిఫ్టన్ గారు సొంతంగా గీసుకుని కట్టుకున్న ఇల్లు. చరిత్రలో నిలవాలండీ."

"గీసింది నేను."

"మీ సహకారం లేకుండా ఎలా అవుతుంది లెండి!"

"సహకారం కాదమ్మా. గోడలు, కిటికీలు, మెట్లు, అన్నీ నేనే."

"అప్పటి పత్రికలన్నిట్లో ఆయన పేరే ఉంది మరి," అని లెనోరా ఆమె చెయ్యి ఆప్యాయంగా నొక్కింది.

కళాకారుడు పెట్టినచోటే ఇల్లుండాలన్నారు సంఘంవాళ్ళు. యంత్రాలతో పైకి లాగి, ఇనపతాళ్ళతో బండలకి కట్టేశారు. ఆ చలికాలమంతా గోడలు మూలిగాయి. ఆ బాధ వినలేక వైల్డా తన పడకని ఇంటి వెనకవైపున్న కుండల గదిలోకి మార్చుకుంది.

వసంతంలో ఎమ్మెట్ వచ్చేసరికి ఇల్లు ఉన్నచోటే ఉంది. కుండల గది మాత్రం తెగిపోయి వాగు ఒడ్డున కూర్చుంది. లోపల వైల్డా సారె తిప్పుతోంది.

"కంకర ఇక్కడిదాకా పొయ్యాలా?"

"వద్దు. ఇక ఎక్కడికీ పోదు."

ఆ గది అసలు కట్టడంలో భాగం కాదని సంఘం తేల్చింది. పైన తెగినచోట గోడ పూడ్చి, క్లిఫ్టన్ పేరుతో ఇత్తడి ఫలకం బిగించింది.

ఒక ఆదివారం దారి తప్పి ఇద్దరు సందర్శకులు కిందికి వచ్చారు.

"ఇది కూడా క్లిఫ్టన్ గారిదేనా?"

"కాదు. నాది."

పాపం, వాళ్ళు తప్పుచోటికి వచ్చామని నొచ్చుకుని, ఆయన ఇంటికి దారెటని అడిగారు. వైల్డా మట్టిచేత్తోనే కొండపైకి చూపించింది.