తాయెత్తు నీడ

నల్లగొండలోని ఆ ఎముకల దవాఖానలో ప్రవళిక ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తీస్తోంది. మొన్న మొన్న చేరిన మెర్సీ మీద డాక్టర్ దశరథ్‌కు అంత మురిపెం ఏమిటో! కొత్త ఎక్స్‌రే గదికి ఇన్‌ఛార్జి ఎవరో ఈరోజే తేలుస్తానన్నాడు. ప్రవళికకు పొద్దున్నుంచీ కడుపు మండిపోతోంది.

డిజిటల్ మిషన్‌కు ఒక పాడు గుణముంది. ఫ్లోరైడ్‌తో గట్టిపడ్డ ఎముకలకు కిరణాలు ఎక్కువ పెట్టాలి. అలా పెడితే ఆ మనిషి నీడ, కిరణాలు పడే పలక లోపలి సెన్సర్లలో కాసేపు ఉండిపోతుంది. మనిషి లేకుండా ఖాళీ షాట్లు కొట్టి దాన్ని పోగొట్టాలి. లేకుంటే తర్వాతి వాళ్ల బొమ్మలో తేలుతుంది. మెర్సీకి ఇది నేర్పింది ప్రవళికే.

ఫ్లోరైడ్‌తో ఎముకలు గట్టిపడ్డ మర్రిగూడ ఎల్లస్వామికి తుంటి ఎక్స్‌రే తీస్తుండగా, గది కిటికీ అద్దంలోంచి డాక్టరు మెర్సీతో నవ్వుతూ మాట్లాడటం ఆమె కంటబడింది. ఒళ్లు భగ్గుమంది. బటన్ నొక్కి, బొమ్మ వంకైనా చూడకుండా, ముసలాయన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, వాళ్ల మాటలు విందామని విసవిసా వెళ్లింది.

తర్వాత అదే మిషన్ మీద జాషువా అనే పెద్దాయన నడుముకు మెర్సీ ఎక్స్‌రే తీసింది. వెన్నుపూస పక్కన చిన్న గొట్టంలా తెల్లటి మచ్చ! ప్రవళికకు ప్రాణం లేచొచ్చింది.

“సార్, జర చూడుండ్రి! మొలతాడుకున్న తాయెత్తు గూడ తియ్యకుండ తీసింది. గీమెకేనా మీరు గది అప్పజెప్పేది?”

జాషువా చొక్కా పైకెత్తాడు. నడుముకు దారమైనా లేదు. “మాది చర్చికి పోయే ఇల్లు బిడ్డా. తాయెత్తు కట్టుడు మా ఇంట్ల ఎన్నడు లేదు.”

తలుపు బయట బెంచీ మీదున్న ఎల్లస్వామి ఇది విని అంగీ కింద తడుముకున్నాడు. “నాకైతే ఉంది గదా! తియ్యమని నువ్వు అడగనే అడగకపోతివి బిడ్డా.”

డాక్టరు ప్రవళిక వైపు తిరిగాడు. “ఖాళీ షాట్లు కొట్టినవా?”

కొట్టలేదని ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది.

మెర్సీ ఖాళీ షాట్లు కొట్టి జాషువాకు మళ్లీ తీసింది. మచ్చ లేదు. “అక్క ఎన్నడు మర్వదు సార్. గందుకే నేను చూసుకోలే,” అంది.

ఆ మాట బదులు నాలుగు తిట్టినా బాగుండేది. తిరిగి తిట్టడానికైనా వీలుండేది.

డాక్టరు గది తాళం మెర్సీ చేతిలో పెట్టాడు. సిగ్గుతో చస్తూ కూడా, దాన్ని లాక్కోవాలనే అనిపించింది ప్రవళికకు. ఎక్స్‌రే మళ్లీ తీయడానికి ఎల్లస్వామిని బల్ల మీద పడుకోబెట్టింది.

“బాపూ, తాయెత్తు తీస్త.”

ముడి బాగా బిగుసుకుపోయింది. అద్దం అవతల మెర్సీ నిలబడి ఉంది. ప్రవళిక అటు చూడకుండా ముడి విప్పసాగింది.